తండ్రి పని ఆగితే కొడుకు బడి ఆగాలా?

మన ఇళ్లలో కష్టపడి పని చేసే పెద్దవారిని ఎవరినైనా "ఇంకా ఎన్నాళ్లు చేస్తారు?" అని అడిగి చూడండి. "కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లు" అని ఒకరంటారు. "చిన్నమ్మాయి నికాహ్ అయ్యేదాకా" అని మరొకరంటారు. "అబ్బాయి చేతికి అందివచ్చేదాకా" అని ఇంకొకరంటారు. సర్కారీ నౌకరీలో ఉన్నవారైతే తేదీతో సహా చెబుతారు. ఇన్షా అల్లాహ్ అనే మాట అందరూ చేరుస్తారు గాని, ఆ మాట చేర్చిన తరువాత కూడా లెక్క మాత్రం ఆ తేదీ మీదనే వేస్తారు. అప్పు తీర్చడం, ఇల్లు వేయడం, ఆడపిల్ల పెళ్లి, హజ్ యాత్ర, అన్నీ ఆ తేదీకే ముడిపడి ఉంటాయి.

మేము ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చదువు చెబుతూ, వారి తల్లిదండ్రులను చూస్తూ వస్తున్నాము. అనుకున్న తేదీ వరకు పని చేసినవారు మాకు తక్కువగానే కనిపించారు. చాలామందికి అయిదేళ్లు, పదేళ్లు ముందే పని ఆగిపోయింది. "ఫలానా ఆయన పని మానేశాడు" అని మనం తేలిగ్గా అంటాము. అందులో ఆయన ఇష్టం ఎంత ఉందో ఎవరూ అడగరు.

ఇది బీదలకు మాత్రమే వచ్చే చిక్కు కూడా కాదు. అమెరికాలో ఎంప్లాయీ బెనిఫిట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1990ల తొలినాళ్ల నుంచి ఏటా ఈ విషయం మీద సర్వే చేస్తోంది. పనిలో ఉన్నవారిని అడిగితే 65 ఏళ్ల దాకా చేస్తామంటారు. విశ్రాంతిలో ఉన్నవారిని అడిగితే 62కే మానేశామంటారు. మానేసినవారిలో దాదాపు సగం మంది, తాము అనుకున్న దానికంటే ముందే మానవలసి వచ్చిందని చెబుతున్నారు. కారణాలలో ముందు వరుసలో ఉన్నవి అనారోగ్యం, కంపెనీలో వచ్చిన మార్పులు. ఇంట్లో జబ్బుపడినవారిని చూసుకోవలసి రావడం కూడా ఉంది. చాలినంత కూడబెట్టుకున్నాము గనుక మానేశామనేవారు కూడా కొందరున్నారు. వారి గురించి మాకు దిగులు లేదు. అంత సంపన్న దేశంలో, 62వ ఏటనే కొంత తగ్గించి అయినా సోషల్ సెక్యూరిటీ సొమ్ము అందే దేశంలో కూడా లెక్క తప్పుతోందంటే, నెలాఖరుకు బియ్యం చూసుకునే ఇంట్లో సంగతి ఆలోచించండి.

ప్రభుత్వోద్యోగికైతే తేదీ ఖాయం గదా అంటారేమో. మా వయసు వారికి 1983 గుర్తుంటుంది. మేము అప్పుడు మదర్సాలో చదువుకునే పిల్లలం. ఆ జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఫిబ్రవరి 8న ఉత్తర్వు ఇచ్చి పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. అదే నెలాఖరుకు 55 నిండి ఉన్నవారంతా ఇంటికి. అలా వెళ్లిపోయినవారు 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, మరో 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు. నిరుద్యోగ యువకులకు చోటు దొరకాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ కారణంలో న్యాయం ఉండవచ్చు. కాని మూడేళ్ల జీతాన్ని నమ్ముకుని కూతురి పెళ్లి కుదుర్చుకున్న ఇంటికి ఇరవై రోజుల గడువు ఏ మూలకు? 1984 ఆగస్టులో వయసును తిరిగి 58 చేశారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆనాటి తగ్గింపు చెల్లుతుందని తీర్పు చెప్పింది. మధ్యకాలంలో ఇంటికి పోయినవారికి అదే ఏడాది మరో తీర్పుతో కొంత ఊరట దొరికింది. కోర్టుల చుట్టూ తిరిగిన ఆ కాలంలో పెళ్లిళ్లు ఆగాయి, చదువులు ఆగాయి. వాటికి ఊరట ఇచ్చే కోర్టు ఏది?

తరువాత సర్కారీ తేదీ పెరుగుతూనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. మంచిదే. మన దర్జీకి, లారీ డ్రైవరుకు, బీడీలు చుట్టే ఆడబిడ్డకు తేదీ పొడిగించే ఉత్తర్వు మాత్రం ఏ సచివాలయం నుంచీ రాదు. మనలో ఎక్కువమంది ఎవరి దగ్గరా నెల జీతం లేకుండా సొంత చేతిపని మీద బతికేవారే అని 2006లో సచార్ కమిటీ కూడా చెప్పింది. ఇలాంటివారికి విరమణ వయసును నిర్ణయించేది కళ్లు, నడుము, మోకాళ్లు, ఊపిరి.

దర్జీ సంగతే చూడండి. నలభై దాటగానే దగ్గర చూపు మందగిస్తుంది. తెలుగులో దీనిని చత్వారం అంటారు, మన ఉర్దూ ఇళ్లలో చాలీసా అంటారు. రెండు పేర్లలోనూ నలభై అనే అంకె దాగి ఉంది. ఇది జబ్బు కాదు, వయసుతో అందరికీ వచ్చేదే. సూదిలో దారం ఎక్కించడానికి మొదట కొడుకును పిలుస్తాడు. తరువాత కాజాలు, చేతి కుట్టు బయటివారికి ఇచ్చేస్తాడు. ఇంకొన్నాళ్లకు సూట్లు, షేర్వానీలు ఒప్పుకోవడం మానేసి ప్యాంట్లు పొట్టి చేయడం, చీరలకు ఫాల్ వేయడం దగ్గర ఆగుతాడు. సంపాదన సగానికి పడిపోతుంది. "రెడీమేడ్ వచ్చి మన కారోబార్‌ను దెబ్బతీసింది" అంటాడు. అదీ నిజమే. కాని అందులో కళ్ల వాటా ఎంతో ఆయన లెక్క వేయలేదు. దగ్గర చూపు అద్దాలు వంద, రెండు వందల రూపాయలకు దొరుకుతాయి. కొనడు. కొన్నా దుకాణంలో పెట్టుకోడు. "కళ్లు పోయిన దర్జీకి కొత్త బట్ట ఎవరిస్తారు?" అని ఆయన భయం.

ఈ భయానికి ఎంత మూల్యం చెల్లిస్తున్నామో చెప్పే లెక్కలు ఉన్నాయి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గర చూపు అద్దాలు ఇచ్చి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. అద్దాలు అందినవారు కోసిన ఆకు, అందనివారితో పోలిస్తే 20 శాతానికి మించి పెరిగింది. బంగ్లాదేశ్‌లో కుట్టుపని, నేతపని వంటివి చేసేవారి మీద జరిగిన అధ్యయనం 2024లో వెలువడింది. అక్కడ అద్దాలు పెట్టుకున్నవారి నెల సంపాదన మూడో వంతు పెరిగింది. మందు లేదు, ఆపరేషన్ లేదు. ఒక జత అద్దాలు, అంతే. తెలంగాణలో 2018లోనూ, తిరిగి 2023లోనూ కంటి వెలుగు శిబిరాలు పెట్టి అద్దాలు ఉచితంగా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అలాంటి కార్యక్రమమే నడిచింది. ఆ అద్దాలు ఎన్ని ఇళ్లలో డబ్బాలోంచి బయటికి రాకుండా అలమారాలో ఉన్నాయో మీరే చూసుకోండి.

లారీ డ్రైవరుకు చక్కెర జబ్బు ముందు వస్తుంది, చూపు తరువాత తగ్గుతుంది. రాత్రి ఎదురు బండి లైటు పడితే రోడ్డు కనిపించదు. ఆ సంగతి క్లీనరుకు తెలుస్తుంది, తరువాత ఓనరుకు తెలుస్తుంది. ఓనరు తిట్టడు, తీసెయ్యడు. ఫోను చేయడం మానేస్తాడు. మెకానిక్కుకు నడుము, వెల్డరుకు కళ్లు, గ్రానైట్ కోసేవారికి ఊపిరితిత్తులు. ఇక మన దూదేకుల సోదరుల విషయంలో మనిషి బాగానే ఉన్నాడు, పనే పోయింది. వింటితో దూది ఏకి పరుపు కుట్టే చేతులు ఇంకా గట్టిగా ఉండగానే ఏకే యంత్రం వచ్చింది, దాని వెనుక ఫోమ్ పరుపు వచ్చింది. యాభై ఏళ్ల వయసులో ఆయన మళ్లీ ఏ పని నేర్చుకోవాలి?

ఆడవారి పనిని మనం పనిగానే లెక్కపెట్టము గనుక అది ఎప్పుడు ఆగిందో కూడా గమనించము. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు వెళితే ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించే చేతులు వీధివీధినా కనిపిస్తాయి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అమ్మాయికి బీడీల పీఎఫ్ ఉందా అని అడిగిన రోజులు ఉన్నాయి. ఆ పని కూడా తరిగిపోతూ వచ్చింది. 2016 ఏప్రిల్‌లో కట్టల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు కార్ఖానాలు కొన్నాళ్లు పని ఆపాయి. 2017లో 28 శాతం జీఎస్టీ పడింది. దానిని తగ్గించడానికి 2025 దాకా పట్టింది. బీడీ తాగడం తగ్గితే దేశానికి మేలే, అందులో మాకు రెండో మాట లేదు. చుట్టే చేతులకు ఇంకో పని చూపించే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

అయినా ఆమె పనిని ఆపేది చాలాసార్లు కార్ఖానా కాదు, ఇల్లు. అత్తగారికి పక్షవాతం వస్తుంది. కూతురు పురిటికి వస్తుంది. భర్త మంచాన పడతాడు. నలభై నాలుగేళ్ల మనిషి చాట పక్కన పెట్టి లేస్తుంది. ఆరు నెలల్లో మళ్లీ మొదలుపెడతాను అనుకుంటుంది. మళ్లీ కూర్చునే రోజు రాదు. ఆమె పని మానేసిందని ఇంట్లో ఎవరూ అనరు, ఎందుకంటే ఆమె పొద్దున్నే లేచి రాత్రి దాకా చేస్తూనే ఉంటుంది. ఆగింది డబ్బు మాత్రమే.

ఇక్కడ ఒక కాగితం సంగతి చెప్పి ముందుకు పోతాము, చాలా ఇళ్లలో దీని వల్ల నష్టం జరుగుతోంది. పీఎఫ్ ఉన్నవారికి 1995 పింఛను పథకం వర్తిస్తుంది. పదేళ్ల సర్వీసు ఉంటే 58 నిండాక నెల నెలా పింఛను వస్తుంది. కావాలంటే 50 నుంచే తీసుకోవచ్చు గాని, ముందుగా తీసుకున్న ప్రతి ఏడాదికి 4 శాతం తగ్గుతుంది. కనీస పింఛను నెలకు 1,000 రూపాయలుగా 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. పెద్ద మొత్తం కాదు, నిజమే. కాని పదేళ్లు నిండకముందే పని ఆగిన ఆడబిడ్డ, ఎవరో చెప్పారని ఫారం 10సి నింపి ఉన్న కాస్త డబ్బూ పింఛను ఖాతాలోంచి తీసేసుకుంటుంది. ఆ సర్వీసు అంతటితో పోతుంది. అదే ఫారంతో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే, రేపు ఎక్కడైనా పనిలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. ఈ మాట ఏజెంటు చెప్పడు. ఇంకో చిక్కు పేర్లది. ఒకే మనిషికి పీఎఫ్‌లో షేక్, ఆధార్‌లో షేఖ్, బ్యాంకులో ఇంటిపేరే లేదు. ఒకచోట బేగం, ఒకచోట బీ. ఇంగ్లీషు అక్షరం ఒకటి తేడా వచ్చినా దరఖాస్తు తిరిగి వస్తుంది. పని నడుస్తున్నప్పుడే సరిచేయించుకుంటే యజమాని సంతకం దొరుకుతుంది. కార్ఖానా మూసేశాక ఎవరి వెంట తిరుగుతారు? తెలంగాణలో పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు 2015లో 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టి 2019లో 2,016 చేసినప్పుడు కూడా, ఈ కాగితాలు సరిగా ఉన్నవారికే పని తేలికయింది. పీఎఫ్ మీద వచ్చే అదనపు సొమ్ము గురించి కొందరికి మసలా ఉంది. ఆ సంగతి మీ ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోండి, దాని కోసం మొత్తం హక్కునే వదులుకోవద్దు.

గల్ఫ్‌లో ఉన్న మనవారిది మరో రకం. రాయచోటి, కడప, నిజామాబాద్, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీ, ఎక్కడి మనిషినైనా అడగండి, "ఇంకో రెండేళ్లు" అంటాడు. ఆ రెండేళ్లు కఫీల్ చేతిలో, ఆ దేశపు చట్టం చేతిలో ఉంటాయి. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగినప్పుడు లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తేవలసి వచ్చింది. ఆనాడు కట్టుబట్టలతో దిగినవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టి, ఏటేటా పెంచి 2020కి 400 చేసింది. ఎందరో భార్యాబిడ్డలను ముందు పంపించి, తరువాత తామూ వచ్చేశారు. 2021 జనవరి నుంచి కువైట్‌లో డిగ్రీ లేకుండా 60 దాటిన విదేశీ కార్మికులకు పర్మిట్ పునరుద్ధరించడం ఆపేశారు. ఏడాది తరువాత పెద్ద రుసుము, ఆరోగ్య బీమా షరతులతో మళ్లీ తలుపు తెరిచారు. ఆ ఏడాదిలో సామాను కట్టుకుని వచ్చేసినవారికి ఆ తలుపు ఎందుకు?

ఇన్ని సంగతులు ఎందుకు చెబుతున్నామంటే, ఇవన్నీ చివరికి మా తరగతి గదిలోకి వచ్చి చేరుతున్నాయి.

చిన్న లెక్క వేసి చూడండి. ఇరవై ఎనిమిదేళ్లకు పెళ్లి, ముప్పై తొమ్మిదేళ్లకు చివరి బిడ్డ. అరవై దాకా పని చేస్తానని తండ్రి అనుకున్నాడు, అప్పటికి ఆ బిడ్డకు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోతుంది. లెక్క బాగానే ఉంది. కాని పని యాభై రెండుకే ఆగింది. అప్పటికి బిడ్డకు పదమూడు, ఎనిమిదో తరగతి. పెద్దపిల్లల చదువు ఎలాగో ఒకలాగా ముగిసి ఉంటుంది, దెబ్బ తినేది చివరి బిడ్డ. పైగా నిర్బంధ విద్య చట్టం చేయి పట్టుకునేది పద్నాలుగేళ్ల దాకానే. తండ్రి చేతులు ఆగే వయసూ, చట్టం చేయి వదిలే వయసూ ఒకేసారి వచ్చిపడతాయి.

మొదట హాజరు తగ్గుతుంది. సోమవారం రాడు, బుధవారం వస్తాడు. అడిగితే "అబ్బాకు తబియత్ బాగాలేదు సార్" అంటాడు. దసరా సెలవుల తరువాత అతని జాగా ఖాళీ. నెల తరువాత మెకానిక్ షెడ్డులో కనిపిస్తాడు. అక్కడ వాడికి పేరు ఉండదు, "చోటూ" అంటారు. ఆడపిల్ల అయితే బడి మానిపించారని ఎవరూ అనరు, మంచి సంబంధం వచ్చింది అంటారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని సచార్ కమిటీ 2006లో రాసినప్పుడు అందరం బాధపడ్డాము. ఆ అంకె వెనుక ఎందరి తండ్రుల పని ముందుగా ఆగి ఉంటుందో ఆ లెక్క ఎవరూ తీయలేదు.

ఇంకో సంగతి. పద్నాలుగేళ్లకు పానా పట్టిన ఆ చోటూకు యాభై వచ్చేసరికి ముప్పై ఆరేళ్ల సర్వీసు అవుతుంది. కలెక్టరాఫీసులో కూడా అంత సర్వీసు అందరికీ ఉండదు. అతని నడుము కూడా తండ్రి నడుము లాగే యాభైకి ముందే మొరాయిస్తుంది. అప్పటికి అతని చివరి బిడ్డ ఏ తరగతిలో ఉంటుందో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఒకసారి తొమ్మిదో తరగతి కుర్రవాడు రావడం మానేస్తే వారి ఇంటికి వెళ్లాము. తండ్రి లారీ డ్రైవరు, యాభై కూడా లేవు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, "వాడు పని నేర్చుకుంటున్నాడు మౌల్వీ సాబ్. హునర్ నేర్చుకుంటే తప్పేముంది?" అన్నాడు. తప్పేమీ లేదు, పదో తరగతి అయ్యాక నేర్చుకోవచ్చు గదా అన్నాము. ఆయన మాట్లాడలేదు. పరదా వెనుక నుంచి ఇల్లాలు అంది: "ఆయన బండి దిగి తొమ్మిది నెలలయింది మౌల్వీ సాబ్. అన్నలకు కూడా చెప్పలేదు. మీకు చెప్పడానికి సిగ్గుపడుతున్నారు." తొమ్మిది నెలలు! ఆ తొమ్మిది నెలల్లో నగలు కుదువ పెట్టారు, బాకీలు చేశారు, ఇద్దరు పిల్లల ముందు రోజూ బండికి వెళుతున్నట్టే బయలుదేరి ఆయన మార్కెట్‌లో కూర్చుని వచ్చాడు. తొలి నెలలోనే తెలిసి ఉంటే కుర్రవాడిని ఫీజు లేని హాస్టలు బడిలో చేర్పించేవాళ్లం, ఆయనకు పగటి పూట స్కూలు వ్యాను పని అడిగి చూసేవాళ్లం. రెండూ ఊళ్లోనే ఉన్నాయి.

ఈ సిగ్గును పెంచింది మనమే. మగవాడు ఇంట్లో కూర్చుంటే "కామ్‌చోర్" అనేస్తాము. మోకాళ్లు బయటికి కనిపించవు. చూపు కనిపించదు. కనిపించేది పొద్దున పది గంటలకు అరుగు మీద కూర్చున్న మనిషి. పైగా ప్రతి వీధిలో డెబ్బై అయిదేళ్లకు కూడా దుకాణం తెరిచే ఒక తాతగారు ఉంటారు. ఆయనను చూపించి "ఆయన చేయడం లేదా?" అంటాము. ఆయన బయట ఉంటాడు గనుక కనిపిస్తాడు. యాభైకే పడిపోయినవారు నాలుగు గోడల మధ్య ఉంటారు, వారిని చూపించి ఎవరూ ఉదాహరణ చెప్పరు.

"రిజ్క్ ఇచ్చేది అల్లాహ్, ముందే ఈ లెక్కలెందుకు?" అనేవారు కూడా ఉన్నారు. వారే కూతురి పెళ్లికి షాదీఖానాను ఆరు నెలల ముందు బుక్ చేస్తారు.

ఆ పెళ్లి విషయంలోనే మేము గట్టిగా ఒక మాట అనదలచుకున్నాము, కొందరికి కోపం వచ్చినా సరే. పని ఆగినప్పుడు చాలా ఇళ్లలో ఒక మొత్తం చేతికి వస్తుంది. పీఎఫ్ సొమ్మో, గల్ఫ్ నుంచి తెచ్చిన సర్వీసు డబ్బో, బండి అమ్మిన డబ్బో. ఆ మొత్తాన్ని అంతా పెద్దమ్మాయి పెళ్లి భోజనాల్లో పెట్టేస్తున్నారు. అయిదు వందల మంది తిన్న ఆ బిర్యానీ చిన్నవాడి పదో తరగతి నుంచి, చిన్నమ్మాయి ఇంటర్ నుంచి తీసి పెట్టినదే. పెళ్లి చేయవద్దని ఎవరంటారు? నికాహ్ మస్జిద్‌లో చేసి, ఆ వంటల ఖర్చు చివరి ఇద్దరి చదువు పేర విడిగా పెట్టిన తండ్రిని పది మంది పది రోజులు ఆడిపోసుకుంటారు. తరువాత మరచిపోతారు.

లెక్కను అరవై దగ్గర కాకుండా యాభై దగ్గర వేయండి. ఆ పైన చేసినదంతా అదనం అనుకోండి. నలభై నిండినవారు ఏడాదికి ఒకసారి కళ్లు, చక్కెర, రక్తపోటు చూపించుకోండి, సర్కారీ దవాఖానాలో చూపించుకున్నా చాలు. దర్జీ భాయి నలభై అయిదు నుంచే కటింగ్ చూసుకుంటూ, కుట్టడం నేర్చుకునే పిల్లలను దగ్గర పెట్టుకుంటే, అరవై దాకా ఉస్తాద్‌గా గడుస్తుంది. చూపు మొత్తం పోయాక ఎవరూ ఉస్తాద్ అనరు. మగవాడి పని తగ్గుతున్నట్టు అనిపిస్తే భార్యకు మొదటి నెలలోనే చెప్పాలి. భార్యలు కూడా, చెప్పిన రోజున ఎత్తిపొడవకుండా వినాలి. ఇది చెప్పినంత తేలిక కాదని మాకు తెలుసు.

మస్జిద్ కమిటీల పెద్దలకు కూడా ఒక విన్నపం. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచడం మంచి పని. ఆ జాబితాలో వితంతువులు, ముసలివారు ఉంటారు. యాభై ఏళ్ల మగవాడు ఉండడు, ఉన్నా తీసుకోవడానికి రాడు. ఆ ఇంటికి కావలసింది ఒక నెల పప్పు, నూనె కాదు, రెండేళ్ల పాటు ఒక పిల్లవాడి బడి ఖర్చు. జకాత్ సొమ్ములోంచి అర్హత చూసి అలాంటి పది ఇళ్లను ఎంచుకుని, ఎవరికీ తెలియకుండా నెల నెలా అందించే కమిటీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి, వాటి సంఖ్య 204 దాకా పెరిగింది. చదువు, తిండి, వసతి అన్నీ ఉచితం. పై తరగతుల్లో ఖాళీలు ఉన్నాయేమో కనుక్కోవడానికి ఒక మనిషి కావాలి, అంతే. ఇప్పటికే షెడ్డులో చేరిపోయిన పిల్లలకు రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూలు ఉంది. పని చేసుకుంటూనే పదో తరగతి రాయవచ్చు. ఆ షెడ్డు ఉస్తాద్‌లు చాలామంది మన జమాఅత్ వారే. పరీక్షల నెలలో కుర్రవాడికి మధ్యాహ్నం సెలవు ఇమ్మని ఇమామ్ సాహెబ్ ఒక మాట చెబితే కాదనరు.

పదో తరగతి పరీక్ష ఫీజు గడువు సాధారణంగా నవంబరు ప్రాంతంలో వస్తుంది. దసరా సెలవుల తరువాత తిరిగి రాని పిల్లల పేర్లు అప్పటికి ప్రతి బడి రిజిస్టరులో తెలిసిపోతాయి. ప్రధానోపాధ్యాయుడిని అడిగితే ఇస్తారు. మా దగ్గరికి ఇంతవరకు ఏ కమిటీ నుంచీ ఎవరూ వచ్చి అడగలేదు.